మరిది నానబెట్టిన విత్తనం

మా మరిది మొన్న మంగళవారం పోయాడు. గవర్నర్‌పేటలో వాళ్ళింటికి మేం చేరేసరికి కాలేజీవాళ్ళు దండలు వేసి, మంచి లెక్చరరని చెప్పుకుంటున్నారు. మా ఊరి పొరుగురైతు మాత్రం, "మనిషి మంచోడే, ఆ నాచు పిచ్చే లేకపోతే" అన్నాడు. శవం దగ్గర పోట్లాట ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నాకు అక్షరం రాదు, చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఉప్పెన వచ్చి వెళ్ళాక మా చేలో ఉప్పు తెల్లగా పేరింది. ఆ ఏటి పంట పోయింది. మరుసటి ఏడు కూడా నారు దక్కకపోతే పొలం అమ్ముకోవడమే. వేసవి సెలవులకు వచ్చిన మరిది, సముద్రపు నాచు ఉడికించిన కషాయంలో విత్తనం నానబెడితే నారు ఉప్పుకి కొంత తట్టుకుంటుందన్నాడు.

"ఉప్పులో పుట్టింది ఉప్పుకి మందేంటయ్యా?" అన్నాను.

"మందు కాదొదినా, ఊతం. ఉప్పుని కడిగేది వానే. అందాకా మొక్కని నిలబెడుతుంది, అంతే."

ఉన్న విత్తనంలో సగం ఇచ్చాను. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచు తెచ్చి, మా కాలవలో కడిగి, ఆ నీళ్ళతోనే ఉడికించి, వడకట్టి, చల్లార్చి వడ్లు నానబోశాడు. మొలక రావడానికి గోనెసంచిలో మండె కట్టాం. విప్పి చూస్తే వెచ్చదనమూ లేదు, మొలకా లేదు. అప్పుడు వెళ్ళి కాలవ నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఎప్పుడూ కృష్ణ నీళ్ళు పారే కాలవ. వేసవిలో పైనుంచి నీళ్ళు కట్టేశాక సముద్రం పోటు అందులోకి ఎక్కిందని ఎవరికీ తట్టలేదు.

గట్టుమీద అందరూ నవ్వుతున్నారు. "తప్పు నాచుది కాదొదినా, నాది. రుచి చూడకుండా కడిగా" అన్నాడు వాళ్ళ ముందే.

"అంత చదివావు, నాలుక ఎక్కడ తాకట్టు పెట్టావు?" అని తిట్టాను. తిడుతూనే మిగిలిన బస్తా అతని ముందుకు తోశాను. ఊరంతా వద్దంది. పదిమందిలో తప్పు ఒప్పుకున్నవాడు రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడని నా నమ్మకం.

ఈసారి చల్లపల్లి నుంచి బండిమీద మంచినీళ్ళు తెచ్చాడు. ప్రతి బిందె నీళ్ళూ రుచి చూశాడు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. ఇంట్లో పంపునీళ్ళు కూడా నోట్లో పోసుకున్నాకే కాఫీకి పెట్టనిచ్చేవాడు.

నారంతా బతికిందని అబద్ధం చెప్పను. పల్లపు మూల మాడిపోయింది. మిగతాది పసుపెక్కినా వాన పడేదాకా నిలబడింది. మా చేనుకి సరిపోయి, కాస్త మిగిలింది కూడా. ఉత్త నీళ్ళలో నానబోసిన పొరుగురైతు నారు మొత్తం పోయింది. ఆ మిగిలింది అడిగి తీసుకున్నది ఆయనే.

మోసింది మా మరిది. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, తడినారు కట్టలు నెత్తిన పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా మీదికి బురదనీళ్ళు కారుతుంటే, గట్టు వెంట ఆయన చేలోకి నడిచి వెళ్ళాడు.