పలక ముక్కతో లేచిన బండి

నేను కొన్న పాత బైకును చూసి నాయన, "పాత సామాన్లోడికి ఇచ్చెయ్యి పాపా" అన్నాడు. ఒకరోజు బస్సు తప్పిపోయి, బంధువుల పెళ్లికి దాని మీదే మార్కాపురం బయలుదేరినాము. ఆ ఊరు దగ్గర పడినాక గొర్రెల మంద అడ్డమొచ్చి బ్రేకు వేస్తే బండి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. గొర్రెలోళ్లు నవ్వుతుంటే నాయన ఆటో ఆపి, ఒక కాలు లోపల పెట్టినాడు.

నాకు రోషమొచ్చింది. ప్లగ్గు విప్పితే నిండా మసి. గరుకు కాగితం లేదు. మార్కాపురంలో పలకరాయికి కొదవేముంది? రోడ్డు పక్కన పడున్న ముక్కతో రుద్ది, చున్నీతో తుడిచి, బిగించి కిక్కు కొట్టినాను. లేచింది!

నాయన ఆటోలోంచి కాలు తీసి, "నువ్వు పో అన్నా, మా పాప బండి ఉంది" అన్నాడు.

ఆ పలక ముక్క ఇప్పటికీ నా టూల్ బాక్సులోనే ఉంది. నాయన దాన్ని ఎవర్నీ ముట్టనియ్యడు.