పదకొండు స్టోన్ల నాలుగు పౌండ్లు

డెజ్మండ్ ఓకల్‌బీ ముప్పై ఒక్క సంవత్సరాలు గ్యాస్ మీటర్లు చూసి రిటైరయ్యాడు. అంతకాలంలో ఒక్క అంకె కూడా తప్పు రాయలేదని లింకన్‌షైర్‌లో సగం వంటిళ్లు సాక్ష్యం చెప్పగలవు. అతను ఎన్నడూ విమానం నడపలేదు. నిచ్చెన మూడో మెట్టు ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. అయినా మా విమానం ఎగరవచ్చా లేదా అన్న తీర్పు చెప్పవలసిన వాడు అతనే.

దాని పేరు కర్ల్యూ. 1917లో ఒకే ఒక్కటి తయారై, ఆరు వారాలు ఎగిరి, బురదలో కూలింది. దాని నకలును మేం ఆరుగురం రోలండ్ బగ్ బంగాళదుంపల షెడ్డులో పదకొండేళ్ల పాటు కట్టాం. రెక్కల విషయంలో మా మధ్య జరిగిన వాదనలతో పోలిస్తే అసలు ప్రపంచయుద్ధమే తొందరగా ముగిసింది. నడపబోయేది గ్వెండా ప్రౌస్. ఇరవై ఏళ్లు పొలాల మీద మందు చల్లే విమానాలు నడిపింది. భయపడటానికి తీరిక దొరకని మనిషి.

నకలు విమానంతో చిక్కేమిటంటే, అది ఎలా ఎగురుతుందో చెప్పడానికి అసలుదాన్ని నడిపినవాళ్లు బతికుండరు. అందుకే డెజ్మండ్ తన ఇంటి చిన్నగదిలో, ఇస్త్రీ బల్లకూ క్రిస్మస్ చెట్టు అట్టపెట్టెకూ మధ్య సిమ్యులేటర్ పెట్టుకున్నాడు. మేం బిగించే ప్రతి ముక్కా తూచి, దాని బరువూ దాని చోటూ కంప్యూటర్‌కి ఎక్కించాడు. పక్కన పాత పరీక్ష నివేదిక: అప్పటి పైలట్ లెఫ్టినెంట్ ఆంబరీ రాసిన వేగాలు, పైకెక్కడానికి పట్టిన నిమిషాలు. తెర మీది విమానం వాటితో కలవాలి.

కలవలేదు. అది ఆంబరీ విమానం కంటే తొందరగా పైకెక్కేది. దిగేటప్పుడు మాత్రం ఎంత లాగినా ముక్కు లేచేది కాదు. డెజ్మండ్ నలభై సార్లు దిగాడు. నలభై సార్లూ నేలకు గుద్దుకుని బోర్లా పడ్డాడు. ఆంబరీ ఏమో, "పిల్లి పరుపు మీదికి దూకినట్టు దిగుతుంది" అని రాశాడు.

చివరికి విసుగొచ్చి, సీటు వెనక కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ పోయాడు. నూట యాభై ఎనిమిది పౌండ్ల దగ్గర అన్నీ ఒక్కసారిగా కలిశాయి, సెకన్లతో సహా.

భార్య మోరీన్ టీ తెచ్చింది. "ఏంటలా కూర్చున్నావ్? మళ్లీ చచ్చావా?"

"లేదు. ఈసారి చక్కగా దిగాను. సీటు వెనక నూట యాభై ఎనిమిది పౌండ్లు పెడితే."

"అంటే పదకొండు స్టోన్ల నాలుగు. మన పెళ్లినాడు నువ్వున్నంత," అంది మోరీన్. అతని నడుం వైపు చూసి, "పాపం, ఎవరో చక్కని కుర్రాడు," అని వెళ్లిపోయింది.

మా వాళ్లు బంగాళదుంపలు కిలోల్లో తూస్తారు, ఇంజన్లు పౌండ్లలో. స్టోన్లలో, అంటే పద్నాలుగేసి పౌండ్ల లెక్కన, తూచేది మనిషిని ఒక్కణ్నే. డెజ్మండ్ టీ చల్లారిపోయింది.

కర్ల్యూలో సీటు ఒక్కరికే. కానీ సీటు వెనక ఒక ఖాళీ ఉంది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే అందులో ఒక మనిషి పడతాడు. తోక బరువుకోసం మెకానిక్‌ను అందులో కుక్కి ఉంటారు. నివేదికలో రాసి ఉండరు; పరిచయం కాని మనిషిని లెక్కలోకి తీసుకోవడం అప్పటి ఆఫీసర్లకు మర్యాద కాదు. డెజ్మండ్ చివరి పేజీ తీశాడు, విమానం కూలిన రోజుది. ఇరవై సార్లు చదివిన మాటలే: "పైలట్ క్షేమం. విమానంలో మరెవరూ లేరు."

ఒక్కరే పట్టే విమానం గురించి ఆ రెండో మాట రాయవలసిన అవసరం ఎవరికి వస్తుంది?

విషయం చెప్పి, ఆ బరువుకు ఇసుక పెడదామంటే రోలండ్ ఎగిరిపడ్డాడు. "నీ టీవీ చెప్పిందని విమానంలో ఇసుక మోయిస్తామా?"

"దిగేది నేను, రోలండ్," అంది గ్వెండా. "నువ్వు గట్టు మీద కూర్చుని శాండ్‌విచ్ తింటుంటావ్. విరిగితే మెడ నాది. ఇసుక పెట్టండి."

నాలుగు సంచులు నింపాం, సరిగ్గా ఆ బరువుకు.

గురువారం మధ్యాహ్నం ఖాళీ విమానాన్ని తూచాం. గాలి రెక్కల్ని లేపకుండా షెడ్డు తలుపులన్నీ మూశాం. చక్రాల కింద రెండు తూకాలు, తోక కింద ఒకటి. సంచులు ఇంకా బల్ల కిందే ఉన్నాయి. డెజ్మండ్ గ్యాస్ మీటరు గొంతుతో అంకెలు చదివి, కూడి, మళ్లీ కూడాడు.

"ముక్కల లెక్క కంటే నూట యాభై ఎనిమిది పౌండ్లు ఎక్కువ ఉంది."

"ఎవడ్రా ఆనుకుంది?" అన్నాడు రోలండ్.

ఎవరూ ఆనుకోలేదు. గ్వెండా సీటు వెనక టార్చి వేసి చూసింది. ఏమీ లేదు. వెలుతురు కోసం ఆ ఖాళీకున్న బట్ట తలుపు తాడు విప్పి తీశాం. మూడు తూకాల ముళ్లూ నెమ్మదిగా, ఎవరో జాగ్రత్తగా కిందికి దిగుతున్నట్టుగా, వెనక్కి జరిగాయి.

"గాలి," అన్నాడు రోలండ్.

మూసిన షెడ్డులో గాలెక్కడిదని ఎవరూ అడగలేదు. పదకొండేళ్లు కలిసి పనిచేసిన వాళ్లు అలాంటివి అడగరు. టీ పెట్టుకున్నాం.

శుక్రవారం పొద్దున్నే డెజ్మండ్ గ్వెండా ఇంటికి వెళ్లాడు. "రెండూ ఉంటే తోక బరువై గిరగిరా తిరిగి పడుతుంది. రాత్రంతా తెర మీద చూస్తూనే ఉన్నా."

"రెండూ అంటే?"

"సంచులూ... అదీ."

గ్వెండా అతని భుజం తట్టింది. "చూడు నాయనా, సంచులు నా కంటికి కనిపిస్తాయి. కనిపించేవాటితోనే ఎగురుతా. నువ్వెళ్లి ఏమైనా తిను."

శనివారం ఆకు కదలని ఉదయం. కర్ల్యూ లేచింది, ఊరి మీద రెండు చుట్లు తిరిగింది, దిగడానికి వచ్చింది. డెజ్మండ్ కళ్లు మూసుకున్నాడు. మేం అరిచిన అరుపులకి తెరిచేసరికి విమానం పిల్లి పరుపు మీదికి దూకినట్టు గడ్డి మీద ఆగి ఉంది.

గ్వెండా నవ్వుతూ దిగింది. "సంచులు భలే బిగించారే! మలుపు తిరిగినప్పుడల్లా రెండు మూలలు వీపుకి గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఎవరు కట్టారు?"

"డెజ్మండే," అన్నాడు రోలండ్.

"నువ్వు కదా?" అన్నాడు డెజ్మండ్.

ఎగిరే ముందు, అవతలివాడు చేసిన పనిని సరిచూడటం అమర్యాదని ఇద్దరూ ఊరుకున్నారు. సీటు వెనక బట్ట తలుపు తాడుతో బిగించి ఉండటం చూసి గ్వెండా కూడా అప్పుడు తృప్తిపడింది. షెడ్డులోకి వెళ్లి చూస్తే నాలుగు సంచులూ బల్ల కిందే ఉన్నాయి. ఒకదాని మీద రోలండ్ కప్పు కూడా ఉంది.

గ్వెండా సంచులు లెక్కపెట్టింది. వీపు తడుముకుంటూ, "రెండు మూలలు," అంది నెమ్మదిగా. "పక్కపక్కనే. ముడుచుకుని కూర్చున్నవాడి మోకాళ్లంత ఎత్తులో."

డెజ్మండ్ ఇంటికెళ్లి సిమ్యులేటర్‌లో ఆ బరువు తీసేసి దిగాడు. నలభై ఒకటోసారి బోర్లా పడ్డాడు.

సోమవారం తనిఖీ అధికారి వచ్చాడు. ఇకముందు ఎగరడానికి బరువుల పట్టిక ఖరారు చేయాలి. జీవితంలో తప్పు అంకె రాయని మనిషి పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత పైలట్ కింద గీత గీసి ఇంకో వరుస చేర్చాడు: "మెకానిక్. పేరు తెలియదు. పదకొండు స్టోన్ల నాలుగు పౌండ్లు."

అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదేంటండీ, అన్నీ పౌండ్లలో రాసి ఇదొక్కటీ స్టోన్లలో రాశారు?"

"మనిషండీ," అన్నాడు డెజ్మండ్.

అధికారి విమానం వైపు చూశాడు. ఇందాకటిదాకా బిగించి ఉన్న బట్ట తలుపు తాడు విప్పి ఉంది. ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టాడు.