తెర ఆర్పేసిన మధ్యాహ్నం

కంప్యూటరక్క పోయిందని నాకు చెప్పింది మా కొట్ల ముందు టీ అమ్మే అవ్వ. ప్రత్యేక రాష్ట్రం వస్తోందని గోదావరిఖని అంతా రంగులు చల్లుకుని, ఆ రంగులు షట్టర్ల మీద ఇంకా మిగిలున్న రోజులు. పొద్దున్నే నేను స్టూడియో తీస్తుంటే వచ్చి, "పక్క షట్టర్ ఇగ తెరువరు బిడ్డా," అంది. గుండెలో నొప్పి అంటే కరీంనగర్ దవాఖానకు తీసుకెళ్తున్నారట, బండి పెద్దపల్లి కూడా దాటలేదట. తాళం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను. ఏ పనికీ తొందరపడని మనిషి ఈ ఒక్కదానికి అంత తొందర ఎందుకు పడిందని కావచ్చు.

ఈ ఊరి వాళ్లకు ఆమెను పరిచయం చేయక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నాది ఫోటో స్టూడియో, ఆమెది ఇంటర్నెట్ సెంటర్. మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం. వాళ్లాయన బాయి పని చేసేవాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. ఆయన షిఫ్టుకు పోగానే ఆమె షట్టర్ తీసేది. బజారులో మిగతా సెంటర్లన్నీ దొంగ సీడీల మీద నడిచేవి. ఈమె మాత్రం పోస్టులో ఉచితంగా వచ్చే లినక్స్ అనే, కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము సీడీలు తెప్పించుకుని, ఉన్న కంప్యూటర్లన్నిటికీ అదే ఎక్కించింది. కొత్తగా వచ్చినవాడు తెర చూసి తికమకపడి, "గిదేం కంప్యూటర్ అక్కా, గిట్లున్నది?" అనేవాడు. "గిది కొన్నది గాదు, అందరు కలిసి చేసుకున్నది. కూసో, కరువది," అనేది.

వారానికోసారి ఒక తెల్ల కాగితం మీద ఆ లోకం కబుర్లు రాసి ప్లైవుడ్ మీద అంటించేది. ఫలానా ప్రోగ్రాములో తెలుగు ఒత్తులు ఇప్పుడు విరగకుండా వస్తున్నాయని ఒకటి. కొత్త వెర్షన్ వచ్చింది, నెల రోజులు ఆగి ఎక్కించుకోండి, అందులో తప్పులు ఈలోగా బయటపడతాయని ఇంకొకటి. కింద ఎప్పుడూ ఒక చిట్కా. పెన్‌డ్రైవ్ లాగేసేముందు ఏం నొక్కాలి, పోయిన ఫైలును వెతికేముందు ఏం చేయకూడదు, ఇట్లాంటివి. నాకు నవ్వొచ్చేది. ఇంటర్ రిజల్ట్స్ చూసుకోవడానికి వచ్చేవాళ్లకు ఈ గోలంతా ఎందుకు?

"ఎవరు చదువుతరక్కా ఇవన్ని?" అన్నానొకసారి.

"గోడ చదువుతది. నువ్వు నీ పని చూస్కో," అంది.

ఒకసారి ఏదో పెద్ద కంపెనీ ఒక ఆఫీసు ప్రోగ్రామును కొనేసుకుందట. దాన్ని రాసేవాళ్లలో చాలామంది అలిగి బయటికొచ్చి, అదే ప్రోగ్రామును కొత్త పేరుతో నడుపుకుంటున్నారట. ఆ వార్త ఆమె ఇంటి విషయం చెప్పినట్టు చెప్పింది. "అన్నదమ్ములు వేరువడ్డట్టె తమ్మీ. గాని గిక్కడ ఇల్లు పంచుకునుడు ఉండది. ఇద్దరికి ఇల్లంత వస్తది." నాకు లినక్స్ గురించి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. నా స్టూడియో కంప్యూటర్‌కు వైరస్ సోకి, ఒక పెండ్లి ఆల్బమ్ మొత్తం మాయమయ్యే గండం నుంచి నన్ను గట్టెక్కించిందీ ఆమే. ఆ ఆల్బమ్ పోయి ఉంటే పెండ్లికొడుకు తరఫు వాళ్లు నన్ను స్టూడియోలోనే పాతిపెట్టేవాళ్లు.

కానీ ఆమె పేరు చెబితే నాకు ముందు గుర్తొచ్చేది వీటిలో ఏదీ కాదు. ఒక ఎండాకాలపు మధ్యాహ్నం.

బాయిలో పనిచేసే ఒకాయన, ఆయన వదిన నా స్టూడియోకు వచ్చారు. ఆమె భర్త, అంటే ఈయన అన్న, బాయిలో రూఫ్ కూలి చనిపోయి అప్పటికి నెలలు గడిచాయి. కంపెనీ కాగితాలకు ఆమె పాస్ ఫోటో కావాలి. తల ఎత్తమ్మా అంటే ఎత్తలేదు. ఎట్లాగో తీశాను. తర్వాత ఈయన జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో కెమెరా మెమరీ కార్డు. గోదావరి ఒడ్డున జాతరలో తనే అన్న ఫోటోలు తీశాడట. ఇంట్లో పిల్లలకు ఆడుకోమని కెమెరా ఇచ్చిందీ ఈయనేనట. అన్నీ చెరిపేయాలా అని కెమెరా అడిగితే వాళ్లు అవునని నొక్కారట. ఇప్పుడు కార్డు ఖాళీ.

"ఇంక వేరే ఫోటో లేదా?" అన్నాను.

వదిన అప్పుడు తలెత్తింది. "ఉన్నది. నౌకరిల చేరిననాటిది. మీసం గూడ సరిగ రాని పిల్లగాడు. గాయన్ని నేనెరుగ. నా మనిషి గీ కార్డుల ఉండె." మరిది పక్కనే నిలబడి ఉన్నా, అతను అక్కడ లేనట్టు నా వైపే చూస్తూ అంది: "మనిషిని పోగొట్టిండు. ఫోటో గూడ పోగొట్టిండు."

ఆయన నేల చూపులు చూశాడు. నేను ఇద్దరినీ పక్క కొట్టుకు తీసుకెళ్లాను.

అక్క కార్డును వెలుతురుకు పట్టి చూసింది. పక్కనున్న చిన్న మీట జరిపింది. అట్లా జరిపితే దాని మీద ఇక కొత్తగా ఏదీ ఎక్కదట. కంప్యూటర్‌కు పెడితే మొదట కనబడనే లేదు. తీసి తుడిచి మళ్లీ పెడితే కనబడింది. "కార్డు ఆఖరికొచ్చింది. మల్ల లేస్తదో లేవదో. ముందు ఉన్నదున్నట్టు నకలు తీస్త. ఖాళీ కనవడ్డ జాగ గూడ. దేవులాడుడు అంత నకలుల్నే, దీన్ని ముట్టద్దు," అంది.

నల్ల తెర మీద తెల్లటి అంకెలు కదలడం మొదలైంది. కదిలి కదిలి ఒకచోట ఆగేవి. మళ్లీ కదిలేవి. వదిన బెంచీ మీద కూర్చుంది. ఆయన కూర్చోలేదు. అక్క వెనకాల నిలబడి, కాసేపటికి అసహనంగా కదలసాగాడు.

"నకలు ఎందుకక్కా? సక్కగ ఫోటోనే తియ్యరాదు?"

"తియ్యచ్చు. తీసేటప్పుడు కార్డు సస్తే నకలు గూడ ఉండది."

"బస్టాండు కాడ ఒకడు జల్ది తీస్తడట. ఇయ్యి, నేను పట్టుకపోత." అంటూనే ఆయన చెయ్యి కార్డు మీదికి వచ్చింది. అక్క తన అరచేయి దాని మీద కప్పింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. లాగేస్తాడేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను.

అక్క గొంతు పెంచలేదు. "అన్నా, నువ్వు బాయి పని చేసేటోనివి గద. రూఫ్ కూలి కింద మనిషి చిక్కితే ముందు ఏం చేస్తరు?"

ఆయన చూపు తెర మీదికి పోయింది.

"చెప్పు. ఉరికిపోయి గుంజుతరా?"

"గుంజం." అన్నాడు. "ముందు పైకి సపోర్టు పెడతం. లేకుంటె మిగిలిన రూఫ్ గూడ వస్తది. కిందోని మీద, తీసేటోల్ల మీద."

"గదే చేస్తున్న నేను గూడ."

ఆయన చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది. గోడ వైపు తిరిగి, "ఆ దినం గూడ గట్లనే ఆగినమక్కా," అన్నాడు. "నేను గదే షిఫ్టుల ఉన్న. సపోర్టు పెట్టిందాక ఆగినం. ఆగినందుకే అన్న పోయిండని ఇంట్ల అంటరు."

అక్కకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే ఆ మాట అడిగేదే కాదు. ఆమె ముఖం పాలిపోవడం నేను చూశాను. బెంచీ మీద వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చిన్న కొట్లో నలుగురం, ఎవరి వైపు ఎవరు చూడాలో తెలియక ఉన్నాం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

కరెంటు పుట్టేది మా ఊరి పక్కనే. అయినా మా బజారుకు కోత మాత్రం తప్పేది కాదు. యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది. మిగతా కంప్యూటర్లు, ఫ్యాన్ అప్పటికే ఆగిపోయాయి. అక్క ఒక్క క్షణం ఆలోచించి మానిటర్ కూడా ఆర్పేసింది.

"ఏమైతున్నదో మనకెట్ల తెలుస్తదక్కా?" అన్నాను.

"తెల్వది. తెర ఆర్పితే చార్జింగు జరంత ఎక్కువసేపు ఆగుతది. లోపల పని అయితనే ఉంటది. మనం చూడకుంటె ఆగదు."

కార్డు పెట్టిన చోట ఒక చిన్న లైటు మాత్రం మిణుకుమంటోంది. అది ఆగితే అయిపోయినట్టే. ఉక్కపోతకు ఒళ్లంతా చెమటలు. యూపీఎస్ కీచులు దగ్గరపడుతున్నాయి. ఆయన గోడ దగ్గర నుంచి వచ్చి నేల మీద గొంతుక్కూర్చుని ఆ లైటునే చూస్తున్నాడు. ఇందాక కార్డు గుంజుకుపోతానన్న మనిషి, ఇప్పుడు ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా భయపడుతున్నాడు. వదిన కూడా దాన్నే చూస్తోంది. బయటి నుంచి ఎవరో "అక్కా, జిరాక్స్ ఉన్నదా?" అని అరిస్తే నేను చెయ్యూపి పొమ్మన్నాను. అక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేళ్లు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. అంత ధీమాగా మాట్లాడిన మనిషికి లోపల ఇంత భయం ఉందని నాకు అప్పుడే తెలిసింది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది కూడా అప్పుడే.

కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. అక్క తెర మళ్లీ వెలిగించింది. నకలు ఒకచోట చిన్న తునక తప్ప మొత్తం దిగింది. కార్డును తీసి మళ్లీ కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది. ఇక ఆ నకలులో వెతుకులాట. ఫోటోలు పేర్లు లేకుండా, వరస లేకుండా ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మేకలు, ఎవరివో కాళ్లు, నీళ్లలో పిల్లలు. సగం ఫోటోలకు కింది భాగం బూడిద రంగు అట్టలా ఉంది. ఒక్కోటి తెరుస్తున్నకొద్దీ నా ఆశ చచ్చిపోతోంది.

"ఆగు," అన్నది వదిన. అక్క చెయ్యి ఆపింది.

తడి తల, చేతిలో బెల్లం ముద్ద, ఎవరినో చూసి పగలబడి నవ్వుతున్న మనిషి. ఛాతీ కింద నుంచి అంతా బూడిద రంగే. ముఖం మాత్రం చెక్కు చెదరలేదు.

నేను స్టూడియోకు పరుగెత్తి పెద్ద సైజు ప్రింటు వేసి తెచ్చాను. వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మరిది వైపు చూడకుండా, ఫోటో చూస్తూనే అడిగింది.

"ఆగినప్పుడు... ఆయన మాట వినవడ్డదా?"

"వినవడ్డది వదినె."

"ఏమన్నడు?"

ఆయన ఫోటోలోని ముఖం వైపు చూస్తూ అన్నాడు: "ముందు సపోర్టు పెట్టుండ్రి, తమ్ముణ్ని లోపటికి రానియ్యకుండ్రి అన్నడు."

వదిన అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలె?"

"నువ్వడగలె."

వదిన బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. ఆయన నేల మీద నుంచి లేచి, ఆ ఖాళీలో కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. నాకు కళ్లు తుడుచుకోవడానికి కూడా చేతులు ఆడలేదు.

కరెంటు రావడంతో బయట జనం పోగయ్యారు. హాల్‌టికెట్లు కావలసినవాళ్లు, జిరాక్సులకు వచ్చినవాళ్లు. లోపల కంప్యూటర్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. పని అయిపోయాక కూడా కాలేదని ఆమె చెప్పడం ఆ ఒక్కసారే విన్నాను. అక్క లేచి గుమ్మంలోకి వెళ్లి, వాళ్లిద్దరూ బయటికి కనబడకుండా రెండు చేతులూ గోడలకు ఆనించి నిలబడింది. వీపంతా చెమటకు తడిసిపోయి ఉంది.

"పని ఇంకా గాలె," అంటోంది జనంతో. "జర ఆగుండ్రి."