బర్రె చేపిన పొద్దు

మా చుట్టుపక్కల చేన్లన్నీ ఫామ్‌హౌస్‌లవుతున్న రోజులవి. నా ఈడువాళ్లంతా కంప్యూటర్ కోర్సులు చేసి మాదాపూర్‌లో కుదురుకుంటే, నేను బయోకెమిస్ట్రీ చదివి నగరం అంచున ఒక ల్యాబ్‌లో పడ్డాను. మా ఊరు చిన్న మంగళారం నుంచి రోజూ ఏడింటి బస్సు.

మా పని వినడానికి కష్టం గానీ చూడడానికి భలే ఉండేది. ఆక్సిటోసిన్ అని మెదడులో పుట్టే న్యూరోపెప్టైడ్ ఒకటుంది. తల్లికి పాలు దిగేది దానివల్లే. దాన్ని అందుకునే రిసెప్టర్ ఉన్న కణాలను ప్లాస్టిక్ పళ్లెంలోని చిన్న గుంటల్లో పెంచి, అదే పని చేయగల కొత్త కాంపౌండ్లను చుక్క చుక్క వేసేవాళ్లం. రిసెప్టర్ మేలుకుంటే కణం వెలుగుతుంది. వెలిగిన రోజు నేను ఇంటికి దొరలా వచ్చేవాణ్ని.

ఇంట్లో అవ్వ, నేను, ఒక బర్రె. దుడ్డె పుట్టిన వారానికే చచ్చిపోయింది. అయినా అవ్వ కూర్చుంటే చాలు, బర్రె చేపేది, చనుల్లోకి పాలు దింపేది. ఆ అవ్వ వానలో జారిపడి, కాలు విరిగి చేవెళ్ల దవాఖానలో చేరింది. బర్రె నాకు చుక్క పాలివ్వలేదు. రెండు రోజులకు పొదుగు గట్టిపడసాగింది.

మా పాలు పోయించుకునే అన్న వచ్చి చూశాడు.

"సూదెయ్యి తమ్మీ, నిమిషంల చేపుతది. లేకుంటే పొదుగు ఖరాబైతది, ఇగ అమ్ముకునుడే."

ఆయన నా చేతిలో పెట్టిన సీసాలోది ఆక్సిటోసినే. కొత్త కాంపౌండ్లను పోల్చి చూడడానికి ల్యాబ్‌లో రోజూ వాడేదే. కానీ అవ్వ దవాఖానలో నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఒకటుంది: "సూదెయ్యకు బిడ్డా. దానికి మరిగితే ఇగ నేను కూసున్నా ఇయ్యది. బర్రెను అమ్మకు." సీసా గూట్లో పెట్టాను గానీ మనసంతా దానిమీదే.

మూడో పొద్దున ఒక ఆలోచన తట్టింది. మగవాళ్లు ఇంటావిడ చీర చుట్టుకుని బర్రెను పిండడం మా వైపు అందరూ ఎరిగిందే. అవ్వ చీర వాసన బర్రె మెదడుకు చేరితే చాలని లెక్క కట్టి, పెట్టెలోంచి ఎర్ర చీర తీసి చుట్టుకున్నాను. కాళ్లకు అడ్డం పడి నడవనివ్వలేదు. ఆ వేషంలో బస్సు ఎలాగూ అందదు. తీరిగ్గా కూర్చుని పొదుగు కడిగి, నిమురుతూ ఉండిపోయాను. ఎంతసేపైందో, బర్రె నెమరు మొదలుపెట్టింది. చనులు నిండాయి. ధార గిన్నెలో మోగింది. ఒక్కణ్నే గట్టిగా నవ్వాను. ఎన్ని కణాలు వెలిగినా నాకంత సంతోషం కలగలేదు.

పాలు కాచి దవాఖానకు పట్టుకెళ్లాను. అవ్వ మూత తీసి చూసింది.

"సూదేసినవా?"

"లేదవ్వా. నీ చీర కట్టుకున్న. ఎర్రది."

నవ్వి నవ్వి, కాలు నొప్పెట్టి ఆగింది. "గది పెండ్లిండ్లకు కట్టేదిరా! కొట్టంల ఎన్నడన్న కట్టిన్నా? నా వాసన యాడిది దాంట్ల?"

"మరెట్ల చేపింది?"

"రెండొద్దులు బస్సుకు టైమైతున్నదని గుంజినవ్. ఇయ్యాల దాని దగ్గర కూసున్నవ్."

నాకు సిగ్గేసింది. ఆ రెండు రోజులూ దవాఖానకు కూడా అలాగే వచ్చి, నిలబడే మాట్లాడి వెళ్లిపోయాను. స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"డ్యూటీకి పోవా?"

"పోను."

అవ్వ నమ్మలేదు. గోడ గడియారం వంక రెండుసార్లు చూసింది. ఆ తర్వాతే, తాను ఆ రోజు వానలో ఎలా పడిందో మొదటిసారి నాకు చెప్పడం మొదలుపెట్టింది.