ప్రసాదు బాగుచేసిన ఆంప్లిఫయర్

దెయ్యాల సంగతులు చెప్పేవాళ్లని నేనెప్పుడూ ఒకటే అడిగేవాణ్ణి. "నువ్వు చూశావా, చూసినవాళ్లు చెప్తే విన్నావా?" అని. సగం మంది అక్కడే ఆగిపోయేవాళ్లు. మిగతావాళ్లకి జ్వరమో, భయమో, మందో ఏదో ఒక కారణం ఉండేది.

జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా చేస్తున్నా. క్వారీ నుంచి రాయి వస్తే పొడి చేసి, కాల్చి, అందులో ఏముందో రాయాలి. నా అభిప్రాయంతో అక్కడ ఎవరికీ పని లేదు. ఇన్నేళ్లూ అలా బతికినవాణ్ణి ఇప్పుడు ఇది రాయడానికి కూర్చున్నా. నాకు జ్వరం లేదు, మందు అలవాటు లేదు. జరిగిందంతా పట్టపగలే జరిగింది.

నా దగ్గర ఒక చిన్న ఆంప్లిఫయర్ ఉండేది. చీరల షాపువాళ్లిచ్చే అట్టపెట్టె అంత ఉంటుంది. మా ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక రాజస్థాన్ ఇంజినీరు బదిలీ మీద వెళ్తూ నాకు ఇచ్చి వెళ్లాడు. దాంతోపాటు రెండు చెక్క స్పీకర్లు కూడా ఇచ్చాడు. ఆ స్పీకర్లకి కరెంటు ప్లగ్గు ఉండదు. ఆంప్లిఫయర్ నుంచి వైరు వస్తేనే పలుకుతాయి, లేకపోతే ఉత్త చెక్కపెట్టెలు. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఇక ప్రసాదు. నందిగామలో టీవీలు, మిక్సీలు బాగుచేసే షాపు వాడిది. డిగ్రీలో నా క్లాస్‌మేట్. నా పెళ్లికి మైకు సెట్టు పెట్టింది వాడే. మా నాన్నని ఆస్పత్రిలో చేర్చినప్పుడు, నేను డ్యూటీ దిగి వెళ్లేసరికి ఆయన మంచం పక్కన కూర్చుని ఉన్నది కూడా వాడే. సొంత అన్నదమ్ములున్నా నాకు ఏదైనా తోచకపోతే ముందు వాడికే ఫోన్ చేసేవాణ్ణి.

వాడు మా ఇంటికొస్తే కాఫీ కూడా తాక్కుండా ఆ ఆంప్లిఫయర్ ముందు కూర్చునేవాడు. ఒకసారి నేనే పెట్టె మూత విప్పితే లోపలి బోర్డుని చాలాసేపు చూశాడు. ఆ ఇంజినీరు బోర్డు వెనక మార్కరుతో హిందీలో తన పేరు రాసుకున్నాడు. అది చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

"దీని లోపల సరుకు బంగారంరా. ఇలాంటి బోర్డులు ఇప్పుడు రావట్లేదు" అన్నాడు ప్రసాదు. "కెపాసిటర్లు పాతబడిపోయాయి. పెద్దవి వేసి, ట్రాన్స్‌ఫార్మర్ మార్చి, వైరింగు మందంది వేస్తే సౌండు ఎక్కడికో వెళ్లిపోద్ది. నాకియ్యి, నేను చేసిస్తా."

దసరా వెళ్లాక నేనే నందిగామ తీసుకెళ్లి ఇచ్చా. అవ్వలేదు, పార్టులు రాలేదు అంటూ చాలా రోజులు చేశాడు. నేను తొందర పెట్టలేదు. చివరికి చలికాలంలో ఒకరోజు ఫోన్ చేసి, జగ్గయ్యపేట బస్టాండుకి రమ్మన్నాడు. ఇంటికి రారా అంటే, పని ఉంది, ఇదే బస్సుకి వెనక్కి వెళ్లాలన్నాడు. పెట్టె నా చేతికిచ్చాడు. పాతదానికంటే బరువుగా ఉంది.

"పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కదా" అన్నాడు. "మూత మాత్రం విప్పకు. సెట్టింగులు కదిలిపోతాయి."

స్క్రూల మీద లక్క కూడా వేశాడు. నాకు ఏమీ అనుమానం రాలేదు.

ఇంటికొచ్చి స్పీకర్ వైర్లు బిగించి, ఫోన్‌కి తీగ తగిలించి పెట్టా. ముందు లైటు వెలిగింది. తర్వాత పాట మొదలైంది. ఆ సౌండు ఎలా ఉందో చెప్పడం నాకు చాతకాదు. ఏళ్ల తరబడి విన్న పాటలే. అందులో పాడే ఆవిడ చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. వీణ మీద వేలు జరగడం వినపడింది. మృదంగం ఎడమవైపు ఎంత దూరంలో ఉందో చెయ్యి చాపి చూపించగలను, అంత స్పష్టంగా ఉంది. ఇదివరకు పాటకీ పాటకీ మధ్య గుయ్యిమని ఒక శబ్దం వచ్చేది, అది పూర్తిగా పోయింది.

మా ఆవిడ శారద వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది. పక్కింట్లో ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. ఆయన ఆదివారం పొద్దున పూట మా వరండాలో పేపరు చూసి వెళ్లేవారు. ఆ వారం నుంచి లోపలికొచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. కాబట్టి నేనొక్కణ్ణే విన్నానని ఎవరూ అనడానికి లేదు. వాల్యూమ్ నాబ్ తిప్పితే పెరిగేది, తగ్గిస్తే తగ్గేది.

పెట్టె తెచ్చిన రోజు సాయంత్రమే ప్రసాదుకి ఫోన్ చేశా. "నీ చేతిలో సరస్వతి ఉందిరా" అన్నా.

వాడు "సర్లే" అని పెట్టేశాడు. పొగిడితే సిగ్గుపడే రకంలే అనుకున్నా. ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం చేసేవాణ్ణి. ఇవాళ ఫలానా పాట విన్నాం, మాస్టారు కళ్లు తుడుచుకున్నారు అని చెప్పేవాణ్ణి. వాడు ఊ కొట్టేవాడు. రానురాను ఫోన్ ఎత్తడం తగ్గించాడు. ఒకసారి గదిలో పాట వస్తుంటే ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపా. చూశాడు, జవాబివ్వలేదు. ఏదో ఇబ్బందిలో ఉన్నాడేమో, వీలు చూసుకుని వెళ్లి కలవాలని శారదతో అన్నా కూడా.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం పొద్దున మాస్టారు, నేను ఎప్పట్లాగే కూర్చుని విన్నాం. ఆయన వెళ్లాక నాబ్ లూజుగా తగిలింది. తిప్పుతుంటే మొత్తం కదులుతోంది. లోపల నట్టు బిగిస్తే చాలుననిపించింది. ప్రసాదు విప్పొద్దన్నాడని గుర్తుంది. కానీ ఈ ముక్కకి వాణ్ణి అంత దూరం నుంచి రప్పించడం ఎందుకని, లక్క గీకి, స్క్రూలు తీసి మూత ఎత్తా.

లోపల బోర్డు లేదు.

పాత తువ్వాలు గుడ్డలో చుట్టి, కదలకుండా తాడుతో కట్టిన ఒక రాయి ఉంది. కరెంటు తీగ లోపలికొచ్చి, సెల్‌ఫోన్ ఛార్జరు లాంటి చిన్న ముక్కకి తగిలి, అక్కడ నుంచి ముందున్న లైటుకి వెళ్లింది. అంతే. స్పీకర్ వైర్లు బిగించే చోట లోపలి వైపు తీగే లేదు. ఫోన్ తగిలించే రంధ్రం వెనకా ఏమీ లేదు. నాబ్ వెనకున్న కడ్డీ దేనికీ తగలకుండా గాల్లో ఉంది.

శారదని పిలిచా. తను వచ్చి చూసింది.

"మరి పొద్దున్నించీ పాడింది ఏంటండీ?" అంది.

మాస్టారు లేచి వెళ్లి అప్పటికి కాఫీ తాగినంతసేపు కూడా కాలేదు. నేను ఆ గదిలోంచి కదల్లేదు. ఎవరూ రాలేదు. మూత మళ్లీ పెట్టి, వైర్లన్నీ తగిలించి, స్విచ్చి వేశా. లైటు వెలిగింది. పాట రాలేదు. ఎన్నిసార్లు వేసినా రాలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా మళ్లీ పలకలేదు.

భయం తర్వాత వేసింది. అప్పుడు మాత్రం ఒళ్లంతా మంట. రాళ్లతో బతికేవాణ్ణి, నాకే రాయి కట్టి ఇచ్చాడు. పెట్టెని సంచిలో వేసుకుని, విజయవాడ బస్సెక్కి, నందిగామలో దిగా. దారంతా అది నా ఒళ్లోనే ఉంది.

ప్రసాదు షాపులో ఒక్కడే ఉన్నాడు. సంచి చూడగానే లేచి నిలబడ్డాడు. నేనేమీ అనకముందే షట్టరు సగం దించాడు.

"వస్తావని తెలుసు. ఇన్నాళ్లు పడుతుందనుకోలేదు" అన్నాడు.

"ఎందుకు చేశావురా?"

కింద అరలోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి నా ముందు పెట్టాడు. అందులో నా బోర్డు. సగం కాలి బొగ్గయిపోయింది. వెనక్కి తిప్పితే హిందీలో ఇంజినీరు పేరు.

"నాకు కావాలనిపించింది" అన్నాడు. "మీ ఇంటికొచ్చి విన్న ప్రతిసారీ అనిపించేది. నువ్వు పేపరు చదువుకుంటూ వింటావు. ఏది పెట్టినా నీకు తేడా తెలీదనుకున్నా. ఇది నా సెట్టులోకి మార్చుకుని, నీకు కొత్త బోర్డు ఒకటి వేసిద్దామనుకున్నా. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తగిలించా. స్విచ్చి వేసిన మొదటి రోజే కాలిపోయింది. నాకూ దక్కలేదు."

"దానికి రాయి పెట్టిస్తావా?"

"ఎన్నాళ్లని పార్టులు రాలేదంటాను, నాకేం తోచలేదు. ఇంటికెళ్లి వేస్తావు, పలకదు, నాకు ఫోన్ చేస్తావు. మళ్లీ తెమ్మని చెప్పి, ఈలోపు ఇంకో బోర్డు వెతుకుదామనుకున్నా."

"మరి మా ఇంట్లో పాడింది ఏంటి?"

వాడు నా మొహంలోకి చూశాడు. అంత అసహ్యంగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఇంకా ఆడిస్తావా?" అన్నాడు. "అది పలక్కపోయేసరికి మొదటి రోజే విప్పి చూశావు నువ్వు. అప్పుడే వచ్చి నా చెంప పగలగొట్టాల్సింది. అది మానేసి, ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, నీ చేతిలో సరస్వతి ఉందంటావా? నీ ఫోన్ వస్తే నాకు అన్నం దిగేది కాదు. ఎక్కడో పాట రికార్డు చేసి అది కూడా పంపావు. దొంగతనం చేశా, ఒప్పుకుంటున్నా. కానీ నీలాగా ఒక మనిషిని ఇన్ని నెలలు కాల్చుకు తినలేదురా నేను."

నిజంగానే పాడిందని చెప్పా. శారదని అడగమన్నా, మాస్టారుని అడగమన్నా. మా నాన్న మీద ఒట్టేశా.

"మీ నాన్నని ఇందులోకి లాగకు" అన్నాడు ప్రసాదు. షట్టరు పైకెత్తి, నేను వెళ్లేదాకా బల్ల వైపే చూస్తూ నిలబడ్డాడు.

మోసం చేసింది వాడు. తలదించుకుని బయటికొచ్చింది నేను. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. నాకు తెలిసినవాళ్ల దగ్గర వాడు నా గురించి, పైకి కనపడడు గానీ కర్కోటకుడు అన్నాడట.

కారణాలు వెతక్కుండా ఊరుకోలేదు. స్పీకర్లు విప్పి చూశా, వాటిలో ఏమీ లేదు. మా ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ కుర్రాడికి పెట్టె చూపిస్తే, "ఇది పాడదు సార్, మీరు వేరేదాంతో విని ఉంటారు" అన్నాడు. ఇంట్లో వేరేది లేదు. అలవాటు కొద్దీ ఆ రాయిని కూడా ల్యాబ్‌కి తీసుకెళ్లి పరీక్ష చేశా. మామూలు సున్నపురాయి. మా చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా దొరికేదే.

మాస్టారికి నిజం చెప్పలేదు, చెడిపోయిందని మాత్రం చెప్పా. "మీ నందిగామ స్నేహితుణ్ణి పిలవండి. అంత బాగా చేసినవాడు మళ్లీ చెయ్యలేడా?" అని ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు.

ప్రసాదు మీద కోపం ఎందుకో నాకు తెలుసు. ఆశపడ్డాడు, తీసుకున్నాడు, అబద్ధమాడాడు. అది మనుషులు చేసే పనే. నాకు అంతుపట్టనిది ఆ పెట్టె. అది మొదటి రోజే మూగగా ఉండి ఉంటే, ఆ సాయంత్రమే నేను నందిగామ వెళ్లేవాణ్ణి. వాడు నీళ్లు నమిలేవాడు, నేను నాలుగు తిట్టేవాణ్ణి, కొన్నాళ్లు ముఖం చాటేసుకుని మళ్లీ కలిసేవాళ్లం. అది పాడబట్టే వాడి తప్పు అన్నాళ్లు దాగింది. అది పాడబట్టే నేను వాడి కళ్లకి పగబట్టినవాణ్ణయ్యా.

అంత తియ్యటి పాట నా జన్మలో మళ్లీ వినను. ఏం పాడిందో, ఎందుకు పాడిందో నాకు తెలీదు. నా మేలు కోరి మాత్రం కాదు.