అక్కకే నవ్వింది

మొన్న నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో, ముందు సీట్లో తల్లి భుజం మీదున్న ఒక పసిబిడ్డ నా పక్కనున్న ముసలాయన్ని చూసి కిలకిలా నవ్వింది. ఆయన మాట్లాడలేదు, చిటిక వేయలేదు. కనుబొమలు ఎగరేశాడు, అంతే. నేనూ డెబ్బై దాటినవాణ్నే, అయినా ముక్కూమొహం తెలియని ఆ మనిషి మీద అసూయతో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఈ అసూయ నాకు కొత్త కాదు. నాలుగేళ్ల కిందట నా కూతురు కాన్పుకు నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. నా భార్య అప్పటికే లేదు కనుక ఆళ్లగడ్డ నుంచి మా అక్క వచ్చి ఐదు నెలలు మాతోనే ఉంది. అక్క కొడుక్కే నా కూతుర్నిచ్చాం. కాబట్టి పుట్టిన ఆడపిల్ల ఇద్దరికీ మనవరాలే. ముక్కు తనదని అక్క, నుదురు నాదని నేను. అక్క నోరు ఊరికే ఉండదు. బియ్యం ఏరుతూ, బిడ్డకు నూనె అంటుతూ, ఎవరూ లేకపోతే గోడతోనైనా మాట్లాడుతుంది. నేను కాలువల శాఖలో ముప్పై ఏళ్లు నీటిమట్టాలు రాసి రిటైరైనవాణ్ని, మాట తక్కువ. పొద్దునా సాయంత్రం ఉయ్యాల దగ్గర నిలబడి, ఎర్రగుడ్డ చిలకను ఊపుతూ నవ్వు కోసం ఎదురుచూసేవాణ్ని. నవ్వేది కాదు. వంటింట్లోంచి అక్క గొంతు వినబడితే చాలు, బోసినోరు తెరిచేది.

"ఏందిరా, పసిబిడ్డ కాడ గూడా పోటీనా? నా మనవరాలికి నువ్వు నచ్చలేదు, పో" అని అక్క ఎగతాళి. నేను డైరీలో రాసుకునేవాణ్ని: "ఈరోజూ అక్కకే నవ్వింది."

బిడ్డ పిడికిళ్లతో కళ్లు పొడుచుకునేది, నిద్రొస్తోందనుకున్నాం. కనుగుడ్లు నిలకడ లేకుండా ఆడేవి. దిష్టి అంది అక్క. చివరికి ఐదో నెలలో నా కూతురే, "నాయనా, పాలిచ్చేటప్పుడు నా మొగం చూడట్లేదు" అంది. కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఎప్పటి నుంచి అని ఆమె అడిగితే ఎవరికీ తెలియలేదు. నేను సంచిలోంచి డైరీ తీసి చదివాను. ఒక్కో తేదీ చదువుతుంటే చెవులు కాలాయి. పక్కన అక్క ఒక్కో తేదీకి ఒక్కో వేలు మడుస్తోంది.

"నవ్వలేదని రాసిన రోజుల్లో పాపతో మాట్లాడారా?" అంది డాక్టరమ్మ.

"లేదమ్మా. చూస్తూ నిలబడ్డాను."

"అయితే మీరక్కడ ఉన్నట్టే పాపకు తెలియదండీ."

పరీక్షలన్నీ అయ్యాక, కంటి వెనక వెలుతురును పట్టే పొర పుట్టుకతోనే సరిగా పనిచేయడం లేదని, అది వంశంలో వచ్చేదని చెప్పింది.

"ఎవరి దిక్కు నుంచి మేడం? మాదా, వీండ్లదా?" అంది అక్క.

"తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం. రెండూ కలిస్తేనే వస్తుంది."

ముక్కూ నుదురూ పంచుకున్నవాళ్లం, ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. బయట బెంచీ మీద అక్క బిడ్డను నా ఒళ్లో పెట్టింది. "కుళ్లుబోతోడా, అన్ని పేజీలు రాసినావే, నోటితో ఒక్క మాట అనింటే ఏం పోయేదిరా? ఇప్పుడన్నా పలకరించు."

చెవి దగ్గరికి వంగి, "నేను మీ తాతను" అన్నాను. బిడ్డ కదలకుండా విన్నది. తర్వాత కొత్తమనిషి చేతుల్లో ఉన్నట్టు పెదవి విరిచి ఏడ్చింది.

ఇప్పుడు వారం వారం ఆళ్లగడ్డ పోయి, గడప దాటకముందే మాటలు మొదలుపెడతాను. నన్ను గుర్తుపడుతుంది, చేయి పట్టుకుంటుంది, అయినా ముందు అవ్వ యాడుందనే అడుగుతుంది. మాకు ఐదు నెలలంటే ఒక పంటకాలం. ఆ బిడ్డకు అప్పటికి అదే బతుకంతా. ఆ బతుకంతా నేను పక్కనే నిలబడి, ఆమెకు లేనివాణ్నయ్యాను.