పక్కింటి ఫ్యాను

అవ్వ పోయిందన్న కబురు చిట్యాలలో ఉండగా తెలిసింది. కొత్త రేషన్ కార్డుల కోసం దరఖాస్తులు పట్టుకుని వరుసలో నిలబడిన వాళ్లతో మా పేపరు కోసం మాట్లాడుతున్నాను. ఆమె మనవరాలు ఫోన్ చేసింది. "సార్, మా అవ్వ పోయింది. నాలుగు దినాల సంది జరం. మానుకోట దవాఖానకు తీస్కపోయినం. ఇయ్యాల పొద్దుగాల పానం పోయింది," అంది. "మీకు చెప్పాలె అనిపిచ్చింది," అని ఫోన్ పెట్టేసింది.

ఎందుకు అనిపించిందో నాకు తెలుసు. పాఠకులకూ తెలియాలని ఇది రాస్తున్నాను.

అవ్వ నాకు బంధువు కాదు. కేసముద్రం మార్కెట్ యార్డులో కింద రాలిన గింజలు ఊడ్చి, చెరిగి, వాటితో ఇల్లు గడుపుకున్న మనిషి. భర్త, కొడుకు ముందే పోయారు. ఇంట్లో మిగిలింది తను, కూలికి పోయే కోడలు, ఒక మనవరాలు. యార్డులో హమాలీలకూ రైతులకూ ఆమె అవ్వే. నాకూ అంతే.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసి లేదు. తూకం అయి ఆఖరి బస్తా లేచేదాకా చీపురు నేలకు తగలకూడదు. కుప్ప మీది గింజ రైతుది, కుప్ప లేచాక మిగిలింది ఊడ్చేవాళ్లది. ఆ ఆడవాళ్లు యార్డును వంతులుగా పంచుకుంటారు. దిక్కులేక కొత్తగా ఎవరైనా వస్తే, గింజ ఎక్కువగా రాలే కాంటా దగ్గరి వంతు మొదటి నెల ఆమెకు వదలాలి. అవ్వ తన వంతు అలా వదిలి గోడవారకు జరగడం నేను రెండుసార్లు చూశాను. ఎందుకని అడిగితే, "ఆడ ఎక్కువ ఊడ్వాలె. నా నడుం వంగది," అని తప్పించుకుంది.

మొదటిసారి మాట్లాడబోయినప్పుడు నన్నూ ఆపింది. "ఇంక రెండు బస్తలున్నయి. అయి లేవనియ్యి కొడుకా." అవి లేచేదాకా గోడ నీడన కూర్చున్నాం. తన చాయ్‌లో సగం సాసర్లో పోసి నా ముందు పెట్టింది. తర్వాత యార్డుకు ఎప్పుడు వెళ్లినా సగం చాయ్ నాది.

ఎనిమిదేళ్ల కిందట ఆమె మనవరాలికి జనగామలో నర్సు చదువుకు సీటు వచ్చింది. గింజలు ఊడ్చే ఇంటి నుంచి ఒక నర్సు. వార్త రాస్తానన్నాను. ముందు యార్డులో, చాటతో వడ్లు చెరుగుతుండగా ఫోటో తీశాం. పక్కనే బస్తా ఎత్తుతున్న హమాలీ ఊరుకోలేదు. "అవ్వా, పేపర్ల వడుతున్నవ్. ఇగ మమ్ముల గుర్తువడ్తవా?"

"నిన్ను మరిస్తె నాకు బస్త దులిపి పెట్టేదెవడురా," అంది అవ్వ, చాట ఆపకుండానే.

మర్నాడు ఇంటికి వస్తానని చెప్పాను. అలా ముందే చెప్పడం నేను చేసిన మొదటి తప్పు.

రెండు గదుల స్లాబు ఇల్లు. గోడలకు కొత్తగా సున్నం వేశారు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను, స్టీలు పళ్లెంలో మిక్చరు, బిస్కెట్లు. పొయ్యి పక్కన గ్యాస్ స్టవ్. కంటికి కనిపించినవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. చూసిందే రాయాలన్నది నా వృత్తి నియమం. ఫ్యాను నా వైపే తిప్పిపెట్టారు.

చివర్లో అడిగాను. "అవ్వా, పేదరికం ఎప్పటికన్నా పోతదా?"

అవ్వ ఫ్యాను వైపు ఒకసారి చూసి నవ్వింది. "ఎందుకు పోదు? నా కొడుకు ఆటో కొన్ననాడు మా ఇంట్లకెల్లి పోయింది. వాడు మంచాన వడి ఆటో అమ్మిననాడు మల్ల వచ్చింది. పోయింది రాకుంట ఎవలు కాస్తరు కొడుకా?"

ఆ మాట కూడా రాసుకున్నాను. కానీ వార్తలో పెట్టలేదు. స్థలం చాలలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ మాట పెడితే వార్తే నిలవదు. మా పేపరు ఆఫీసు వాళ్లు 'పేదరికాన్ని జయించిన అవ్వ' అని శీర్షిక పెట్టారు. నేను అభ్యంతరం చెప్పలేదు.

ఆ ఏడే ఊళ్లో రేషన్ కార్డులు సరిచూశారు. తీసేసిన పేర్లలో అవ్వ పేరుంది. స్లాబు ఇల్లు, ఫ్యాను, కుర్చీలు, నర్సు చదువు. కారణాలన్నీ నా వార్తలో ఉన్న వరుసలోనే ఉన్నాయి. సరిచూసేవాళ్లకు పేపరు తీసి చూపించింది ఎవరో నేను అడగలేదు.

నాలుగు నెలల తర్వాత యార్డుకు వెళ్తేగానీ ఈ సంగతి నాకు తెలియలేదు. చెప్పింది అవ్వ కాదు. ఆమె పక్కింట్లో ఉంటూ ఆమెతోపాటే ఊడ్చే ఒకామె.

"సార్, ఆ ఫ్యాను మాది. కుర్చీలు ఎదిరింటోల్లయి. స్టీలు పల్లెం గూడ మాదే. మీరు వస్తరని పొద్దుగాల మోసుకచ్చినం, మీరు వోంగనె మోసుకపోయినం. ఎవలింటికి కొత్త మనిషి వచ్చినా మేము గట్లనే చేస్తం."

"మరి సరిచూసేటోల్లకు చెప్పలేదా?"

"చెప్త అనే లేచిన. అవ్వనే నా కొంగు గుంజి కూసవెట్టింది. 'ఫ్యాను నీదంటె నీ కార్డు గూడ వోతది. ఒక్క ఫ్యానుకు రెండు కార్డులు ఎందుకే' అన్నది."

అవ్వ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"ఇంటికచ్చినోనికి, నువ్వు కూసున్న కుర్చి మాది కాదని ఎట్ల చెప్తం?" అంది. తర్వాత చాట కింద పెట్టి, "నువ్వు అబద్ధం రాయలె. చెరగకుంట మూట గట్టినవ్, గంతే," అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు కూడా సాసర్లో సగం చాయ్ పోసింది.

సవరణ రాశాను. లోపలి పేజీలో అడుగున వచ్చింది. అవ్వతో కలిసి దరఖాస్తులు పెట్టాను. మూడు వానాకాలాలు గడిచాక కార్డు తిరిగి వచ్చింది. అప్పటికి మనవరాలు రెండో ఏడు మధ్యలో చదువు మానేసి, జనగామలోనే బట్టల దుకాణంలో చేరి రెండేళ్లయింది. ఆ పిల్ల చదువు నా వార్త వల్లే ఆగిందని నేను రుజువు చేయలేను. ఆ ఏళ్లలోనే రైతులు కుప్పల కింద టార్పాలిన్లు పరవడం మొదలైంది, గింజ రాలడం తగ్గింది. "రైతుకు గింజ దక్కుడు మంచిదే గద," అనేది అవ్వ. కోడలికి నడుం నొప్పి తిరగబెట్టింది. బియ్యం కొనుక్కోవాల్సి వచ్చింది. ఇన్ని కారణాల్లో నాదొకటి. వాటిలో ఆపగలిగి ఉండి ఆపనిది నాది ఒక్కటే.

అప్పటి నుంచి నర్మెట్టలోనైనా చిట్యాలలోనైనా ఎవరింటికి వెళ్లినా, నన్ను కూర్చోబెట్టిన కుర్చీ ఎవరిదని అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. కొందరు తలదించుకుంటారు.

పేదరికం సమాజం నుంచి పోతుందా అని నన్ను చాలామంది అడిగారు. మూడు జిల్లాలు తిరిగిన వాడిగా, అది పోయిన ఇళ్లు చూశాను. తిరిగి వచ్చిన ఇళ్లు అంతకంటే ఎక్కువ చూశాను. కాపలా ఉన్న ఇల్లు మాత్రం దాదాపు చూడలేదు. ఒక ఇంటికి అది తిరిగి రావడానికి దారి చూపింది నేనే. అవ్వ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతే.

కబురు తెలిసిన ఆ మధ్యాహ్నమే అవ్వ ఊరికి వెళ్లాను. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో ఉన్నది మా పేపర్లో వచ్చిన ఫోటో. చాట పైకి లేచి ఉంది, వడ్లు గాలిలో ఉన్నాయి.

"ఇది దప్ప అవ్వ ఫోటో ఇంకోటి లేదు సార్," అంది మనవరాలు. "ఆధార్ కార్డుల మొఖం కనవడది. పేపరు ముక్క కవర్ల వెట్టి రేషన్ కార్డుతోని దాసింది."

"పారేసి ఉంటుంది అనుకున్నాను."

"ఎందుకు పారేస్తది? అండ్ల నేను నర్సునైతనని రాసి ఉన్నది గద. పండుగకు ఇంటికొస్తె నాతోని చదివిచ్చుకునేది. ఆడిదాక చదివి ఆపుమనేది."

ఆ పిల్ల ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. "కూసోండ్రి సార్."

అది ఎవరిదని అడగలేదు.

అవ్వను అరుగు మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం, కాళ్ల దగ్గర టేబుల్ ఫ్యాను. ముందు జాలీ ఊడిపోయిన ఆ పాత పక్కింటి ఫ్యానును నేను గుర్తుపట్టాను. గాలికి దీపం రెపరెపలాడుతుంటే పక్కింటామె లేచి, దీపానికి కొంగు అడ్డం పెట్టి, ఫ్యానును పక్కకు తిప్పింది.

గాలి నేను కూర్చున్న కుర్చీ వైపు వచ్చింది.